పాత జీపు యాక్సిళ్లు: బాగుచేయించాలా, మార్చాలా?

మీరు అడిగినదాని సారాంశం ఇది. మీ దగ్గర సీజే 3బీ వంశానికి చెందిన పాత మహీంద్రా ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ఉంది. వేగం 45 దాటగానే వెనక యాక్సిల్ ఊళ పెడుతోంది, ఎడమ వెనక చక్రం డ్రమ్ములోకి ఆయిల్ దిగుతోంది, హైవే మీద 60 దాటితే ఇంజను అరుస్తోంది. వెనక హబ్ మధ్యలో స్ప్లిట్ పిన్నుతో పెద్ద నట్టు కనిపిస్తోందని కూడా రాశారు. మీ మెకానిక్ ఈ రెండు యాక్సిళ్లనూ పక్కన పెట్టి, విజయవాడ ఆటోనగర్‌లో తర్వాతి తరం జీపు యాక్సిళ్లను, 4.27 రేషియోవి (చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్టు, అంటే గేరు పెట్టె వైపు నుంచి యాక్సిల్‌కు బలం తెచ్చే కడ్డీ, ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క), ముందు డిస్కు బ్రేకులతో సహా తెచ్చి వేయమంటున్నారు. అలా చేయవచ్చా, లేక ఉన్నవాటినే బాగుచేయించుకోవాలా అన్నది మీ సందేహం.

నా అభిప్రాయం ముందే చెబుతాను: ఉన్నవాటినే బాగుచేయించండి. మీరు చెప్పిన మూడు బాధల్లో మొదటి రెండూ అరుగుదల వల్ల, అమరిక తప్పడం వల్ల వచ్చేవి. యాక్సిల్‌ను విప్పి, కొలిచి, సరిగా కూర్చితే అవి పోతాయి. మూడవది ఒక్కటే రేషియోకు సంబంధించినది, దానికి ముందూ వెనకా క్రౌన్-పినియన్ జతలు (యాక్సిల్ మధ్యలో బలాన్ని చక్రాలకు మళ్లించే పెద్ద, చిన్న పళ్ల గేర్లు) మార్చుకుంటే సరిపోతుంది. పాత ఇనుము దుకాణంలో దొరికే యాక్సిల్ లోపల ఏముందో విప్పేదాకా ఎవరికీ తెలియదు, దానికీ బేరింగులు మార్చి షిమ్‌లు (అమరిక కోసం వేసే పలుచని లోహపు బిళ్లలు) కొలిచి కూర్చవలసిందే. అంటే మార్పిడిని ఎంచుకున్నా బాగుచేసే పని తప్పదు, దానిపైన వెల్డింగు, స్టీరింగు, బ్రేకులు, ప్రొపెల్లర్ షాఫ్టు పనులు అదనంగా వచ్చి పడతాయి.

మొదట మీ కింద ఏ యాక్సిల్ ఉందో తేల్చుకోవాలి. విల్లీస్ కంపెనీ సీజే 3బీని 1953 నుంచి 1968 వరకు తయారుచేసింది, మన దేశంలో మహీంద్రా ఆ నమూనాను ఆ తరువాత కూడా చాలా ఏళ్లు కొనసాగించింది. ఆ వంశంలో వెనక డానా 44, ముందు మూసి ఉన్న నకల్‌తో (చక్రం మలుపు తిరిగే కీలుతో) చిన్న డానా యాక్సిల్, రెండింటిలోనూ 5.38 రేషియో ఉండడం మామూలు. అయితే ఇంత వయసున్న బండిలో మధ్యలో ఎవరు ఏమి మార్చారో చెప్పలేము కనుక పేరును నమ్మకుండా పళ్లు లెక్కపెట్టండి. క్రౌన్ వీలుకు 43, పినియన్‌కు 8 ఉంటే 5.38, 39కి 8 ఉంటే 4.88, 47కి 11 ఉంటే 4.27. హౌసింగు (యాక్సిల్ బయటి గుల్ల) విప్పకుండా తెలుసుకోవాలంటే ఒక వెనక చక్రాన్ని నేల మీదే కదలకుండా ఆపి, రెండవదాన్ని జాకీ మీద లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్టు అయిదు చుట్లు తిరిగి మరో మూడోవంతు దాటితే 5.38, అయిదుకు కాస్త తక్కువగా ఆగితే 4.88. ఇదే పరీక్ష ముందు యాక్సిల్‌కూ చేయండి, ఎందుకంటే రెండూ ఒకటేనన్న హామీ పాత బండ్లకు లేదు.

వెనక హబ్ మధ్యలో పెద్ద నట్టు ఉందన్నారు కనుక మీది టేపరు షాఫ్టు (చివర సన్నబడే కడ్డీ), హబ్ వేరుగా ఉండి ఒక కీ (హబ్ జారకుండా పట్టే చిన్న లోహపు ముక్క) మీద కూర్చునే రకం. ఇందులో చక్రం బరువును కూడా షాఫ్టే మోస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు విల్లీస్ ఎంబీలో వెనక ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్ ఉండేది, దాంట్లో షాఫ్టు చక్రాన్ని తిప్పడమే చేస్తుంది, బరువు హౌసింగు మోస్తుంది, షాఫ్టు విరిగినా చక్రం ఊడిపోదు. మీ టేపరు రకంలో ఆ భద్రత లేదు. అందుకే హబ్ పనిని నేను క్రౌన్-పినియన్ పనితో సమానంగా చూస్తాను.

విప్పే ముందు బండి నడిపి చెవితో వినండి. యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఊళ పెట్టి, కాలు తీయగానే స్వరం మారినా ఆగినా క్రౌన్-పినియన్ కలయికలోనో పినియన్ బేరింగుల్లోనో లోపం ఉందని అర్థం. కాలుతో సంబంధం లేకుండా వేగంతో పాటు పెరిగే గరగర శబ్దమైతే క్రౌన్ వీలు మోసే బేరింగులు లేదా చక్రాల బేరింగులు అరిగాయి. మలుపులో ఒక పక్కకు తిరిగినప్పుడే ఆ శబ్దం పెరిగితే చక్రం బేరింగునే అనుమానించాలి. బండి కదిలేటప్పుడు ఠక్కుమంటే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు (దాని కీళ్లు), స్లిప్ యోక్ పళ్లు, డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) లోపలి చిన్న గేర్ల వాషర్లు, చివరగా హబ్ కీ చూడాలి. మీరు చెప్పిన ఊళ మొదటి రకంలా ఉంది, కానీ ఎడమ డ్రమ్ములోకి ఆయిల్ రావడం ఎడమ బేరింగు కూడా వదులైందని చెబుతోంది. షాఫ్టు ఊగితే ఆయిల్ సీలు పెదవి అరిగిపోతుంది, బేరింగు చూడకుండా ఎన్ని కొత్త సీళ్లు కొట్టినా ఆయిల్ ఆగదు. హౌసింగు మీది బ్రీదరు (లోపలి గాలి బయటికి పోయే దారి) మట్టితో మూసుకుపోయినా ఇదే జరుగుతుంది, లోపల వేడెక్కిన గాలి దారిలేక ఆయిల్‌ను సీళ్ల గుండా తోస్తుంది. ఏజెన్సీ వాగులు దాటే బండ్లకు బ్రీదరు నుంచి సన్నని రబ్బరు గొట్టాన్ని ఛాసిస్ ఎత్తుకు తీసుకెళ్లడం తప్పనిసరి అని నేను అంటాను. వేడి యాక్సిల్ చల్లని నీటిలో దిగినప్పుడు లోపలి గాలి ముడుచుకుని నీటిని పీల్చుకుంటుంది, ఆయిల్ పాలరంగుకు మారడానికి కారణం అదే.

ఇక అసలు పని. మూత తీసి ఆయిల్ దించాక ఏ బోల్టూ విప్పవద్దు. ముందు డయల్ గేజీ పెట్టి బ్యాక్‌లాష్‌ను (పళ్ల మధ్య ఉండే వదులును) క్రౌన్ వీలు చుట్టూ నాలుగు చోట్ల కొలిచి రాసుకోండి. పళ్లకు మార్కింగ్ రంగు పూసి, చక్రానికి కాస్త అడ్డు ఇచ్చి తిప్పి, అచ్చు ఎక్కడ పడుతుందో ఫోటో తీసుకోండి. బేరింగు క్యాపుల మీద, హౌసింగు మీద ఉన్న అక్షరాలు సరిపోల్చుకోండి, లేకపోతే సెంటర్ పంచ్‌తో గుర్తులు పెట్టండి. ఆ క్యాపులు హౌసింగుతో కలిపి ఒకేసారి బోరింగు చేసినవి, ఎడమది కుడివైపు బిగిస్తే కొత్త బేరింగు కూడా నలిగిపోతుంది. ఎడమ షిమ్‌లు, కుడి షిమ్‌లు, పినియన్ లోపలివి, బయటివి విడివిడిగా కట్టి పేర్లు రాసి మైక్రోమీటరుతో మందం కొలవండి. ఈ పనికి అరపూట పడుతుంది. చాలా వర్క్‌షాపుల్లో దీన్ని వదిలేస్తారు, ఆ తరువాత ఏ శబ్దానికి ఏది కారణమో ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. పళ్లు బాగుండి, బేరింగులు మాత్రమే పోయి ఉంటే పాత క్రౌన్-పినియన్‌ను పాత షిమ్ మందంతోనే తిరిగి కూర్చాలి. ఏళ్లపాటు కలిసి తిరిగిన పళ్లు ఒకదానికొకటి అరిగి సర్దుకుంటాయి, వాటి అచ్చు పుస్తకంలో బొమ్మలా ఉండదు. దాన్ని అందంగా చేయాలని షిమ్‌లు మారిస్తే అరగని భాగాలు తాకి అంతకుముందు లేని ఊళ మొదలవుతుంది. పళ్ల మీద గుంటలు పడినా, అంచులు రాలినా, పాత అమరికలోనే ఊళ పెట్టినా కొత్త జత కొనవలసిందే. క్రౌన్, పినియన్ జతగా రాపిడి చేసి అమ్ముతారు, రెండింటి మీదా ఒకే జత సంఖ్య ఉండాలి. విడివిడిగా తక్కువ ధరకు దొరికాయని కొనకండి.

కొత్త జత కూర్చేటప్పుడు మొదటి అడుగు పినియన్ లోతు. పినియన్ ముఖం మీద +2, -3 లాంటి సంఖ్య చెక్కి ఉంటుంది, అది అంగుళంలో వెయ్యోవంతుల లెక్క. పాత పినియన్ +2, కొత్తది -3 అయితే రెంటి తేడా 5 కనుక లోపలి షిమ్‌లకు 0.005 అంగుళం, అంటే 0.13 మిల్లీమీటర్లు కలపాలి. కొత్తది ప్లస్ వైపు ఎక్కువైతే అంత తీసేయాలి. పాత డానా 44లో నలిగే స్లీవు ఉండదు, పినియన్ ప్రీలోడ్ (బేరింగులకు ముందే ఇచ్చే బిగువు) కూడా షిమ్‌లతోనే వస్తుంది. లోపలి బేరింగు కప్పు వెనక ఎంత షిమ్ కలిపితే, పినియన్ మీది బయటి షిమ్‌లకూ అంతే కలపాలి, లేకపోతే లోతు సరిపోయి ప్రీలోడ్ తప్పుతుంది. కొత్త బేరింగులకు సీలు లేకుండా, క్రౌన్ వీలు పెట్టకముందు, పినియన్ తిరగడానికి 20 నుంచి 40 అంగుళ-పౌండ్ల బలం పట్టాలి, అంటే సుమారు 2.3 నుంచి 4.5 న్యూటన్ మీటర్లు. ఆ కొలతకు ప్రత్యేక రెంచ్ దొరకకపోతే యోక్ (పినియన్ చివర ప్రొపెల్లర్ షాఫ్టు బిగించే భాగం) చుట్టూ గట్టి దారం చుట్టి స్ప్రింగ్ త్రాసుతో నెమ్మదిగా లాగండి. యోక్ వ్యాసార్ధం 5 సెంటీమీటర్లయితే త్రాసు సుమారు 5 నుంచి 9 కిలోల మధ్య నిలకడగా చూపాలి. కదలడం మొదలైన క్షణంలో చూపే అంకె కాదు, తిరుగుతున్నప్పుడు చూపేదే లెక్క.

తరువాత క్రౌన్ వీలు. బ్యాక్‌లాష్ 0.005 నుంచి 0.009 అంగుళాల మధ్య, అంటే 0.13 నుంచి 0.23 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, చుట్టూ కొలిచినప్పుడు ఒకచోటికీ మరోచోటికీ 0.003 అంగుళం మించి తేడా ఉండకూడదు. తేడా ఎక్కువైతే క్రౌన్ వీలు కూర్చునే అంచు మీద మురికో గీతో ఉందని చూడండి. పక్క బేరింగులకు మొత్తం ఆట తీసేశాక మరో 0.015 అంగుళం షిమ్ కలిపితే ప్రీలోడ్ వస్తుంది, కాబట్టి క్రౌన్ వీలును మోసే డిఫరెన్షియల్ కేసు హౌసింగులోకి బిగుతుగానే దిగాలి. స్ప్రెడరు వాడితే 0.020 అంగుళం మించి హౌసింగును వెడల్పు చేయకండి, మించితే అది తిరిగి మునుపటి కొలతకు రాదు. షిమ్‌లు బేరింగు కోను కింద ఉంటాయి కనుక ప్రతి మార్పుకూ బేరింగు ఊడదీయాలి. దానికి ఉపాయంగా, పాత బేరింగుల లోపలి వ్యాసాన్ని రుద్ది చేత్తో జారేలా చేసుకుని వాటితోనే ప్రయత్నాలన్నీ చేసి, లెక్క కుదిరాక కొత్తవి నొక్కండి. చివరగా అచ్చు చూడండి. గుర్తు పంటి పాదం వైపు దిగితే పినియన్ మరీ లోపలికి వెళ్లింది, షిమ్ తీయాలి. పంటి కొన వైపు ఎక్కితే షిమ్ కలపాలి. పంటి పొడవునా లోపలి చివరకో బయటి చివరకో జరిగితే అది బ్యాక్‌లాష్ సంగతి, ఎడమ కుడి షిమ్‌ల మొత్తం మారకుండా ఒక పక్క నుంచి మరో పక్కకు మార్చుకోవాలి. ఎత్తు మధ్యలో గుర్తు పడేదాకా ఓపిక పట్టండి, ఊళ రాకపోవడం దాని మీదే ఆధారపడి ఉంది.

హబ్ విషయానికొస్తే, ఊడదీసేటప్పుడు నట్టును పూర్తిగా తీయకుండా కొన్ని మరలు వదిలి పుల్లరు పెట్టండి, లేకపోతే వదులైన క్షణంలో హబ్, డ్రమ్ము మీద పడతాయి. షాఫ్టు చివర సుత్తితో కొట్టవద్దు. ఆ దెబ్బ మధ్యలోని థ్రస్ట్ బ్లాక్ గుండా అవతలి షాఫ్టుకూ దాని బేరింగుకూ చేరుతుంది. షాఫ్టు టేపరుకు రంగు పూసి హబ్‌ను తొడిగి చూస్తే లోపల రంగు చాలాభాగం సమంగా అంటుకోవాలి. ఒక చివరే అంటుకుంటే ఆ జత పనికిరాదు. కీ గాడి మూలల్లో వెంట్రుకంత పగులు ఉన్నా షాఫ్టు మార్చండి, వెల్డింగు చేసి టర్నింగు పట్టించిన షాఫ్టును నేను ఏ బండికీ ఒప్పుకోను. టేపరును ఆయిల్, గ్రీజు లేకుండా తుడిచి, నట్టును కనీసం 150 అడుగు-పౌండ్లకు, అంటే 203 న్యూటన్ మీటర్లకు బిగించండి. స్ప్లిట్ పిన్ను రంధ్రం కలవకపోతే ఇంకా బిగించి కలపాలి, వెనక్కి తిప్పి కలపకూడదు. షాఫ్టు ముందూ వెనకకూ కదిలే ఆట 0.001 నుంచి 0.006 అంగుళం ఉండాలి, అది బ్రేకు ప్లేటు వెనక షిమ్‌లతో వస్తుంది.

ముందు యాక్సిల్ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే మీ బాధ అక్కడ లేదు. నకల్‌ను పట్టుకుని ఊపి కింగ్‌పిన్ (నకల్ తిరిగే ఇరుసు) బేరింగులు వదులయ్యాయేమో చూడండి, అయితే షిమ్ తీసి బిగువు తెచ్చుకోండి. గోళాకారపు హౌసింగు మీద తుప్పు గుంటలు పడి ఉంటే సీళ్లు ఎన్ని మార్చినా గ్రీజు నిలవదు, ఆ ఉపరితలాన్ని ముందు నున్నగా చేయించాలి. క్యాస్టరు (కింగ్‌పిన్ వెనక్కి వాలే కోణం) 3 డిగ్రీలు ఉండాలి. అది తగ్గితే స్టీరింగు దారి పట్టదు.

ఇప్పుడు రేషియో. మీ టైర్లు 235/75 ఆర్15 అన్నారు, వాటి చుట్టుకొలత సుమారు 2.3 మీటర్లు. టాప్ గేరు నేరుగా ఉండే నాలుగు గేర్ల పెట్టెతో ఇంజను 3000 చుట్లు తిరిగితే 5.38తో గంటకు 77 కిలోమీటర్లు, 4.88తో 85, 4.27తో 97 వస్తాయి. బరువుకు టైరు కాస్త అణుగుతుంది కనుక నిజంలో రెండు మూడు శాతం తగ్గించుకోండి. 4.27 ఆకర్షణీయంగానే కనిపిస్తుంది, కానీ 5.38 నుంచి దానికి మారితే ప్రతి గేరులోనూ చక్రానికి అందే బలం అయిదోవంతు తగ్గుతుంది. పాత డీజిల్ ఇంజనుతో, నలుగురు మనుషులతో, మారేడుమిల్లి ఘాట్‌లోనో పాడేరు ఘాట్‌లోనో ఎక్కేటప్పుడు మీరు మూడవ గేరు నుంచి రెండవదానికి, రెండవ దాని నుంచి మొదటిదానికి దిగవలసి వస్తుంది, క్లచ్చు ఆ భారాన్ని మోస్తుంది. ఇలా ఘాట్లు ఎక్కే మీ వాడకానికి 4.88 సరైనదని నా నిర్ణయం. డానా 44లో డిఫరెన్షియల్ కేసులు రెండు రకాలు, 3.73 వరకు ఒకటి, 3.92 నుంచి పైకి మరొకటి. 5.38 కేసులో 4.88 జత అలాగే కూర్చుంటుంది. ఏ రేషియో ఎంచుకున్నా ముందూ వెనకా ఒకటే ఉండాలి. 5.38, 4.88 కలిపి ఫోర్ వీల్ వేస్తే ఒక యాక్సిల్ రెండవదానికన్నా పది శాతం వేగంగా తిరగాలని చూస్తుంది, గట్టి నేల మీద ట్రాన్స్‌ఫర్ కేసో (ఇంజను బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె) క్రాసులో విరుగుతాయి. స్పీడోమీటరు కేబులు ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వస్తుంది కనుక రేషియో మార్చాక మీటరు తక్కువ చూపుతుంది. 4.27తో మీటరు 60 చూపినప్పుడు బండి 75 మీద ఉంటుంది.

ఇన్ని చెప్పాక కూడా హౌసింగు వంగిందనో, షాఫ్టులు దొరకడం లేదనో మార్పిడి తప్పదంటే, డబ్బు ఇవ్వకముందే టేపు పట్టుకుని వెళ్లండి. అన్నిటికన్నా ముందు డిఫరెన్షియల్ గుండు (క్రౌన్-పినియన్ ఉండే ఉబ్బెత్తు భాగం) ఎటువైపు ఉందో చూడండి. మీ జీపులో డానా 18 ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటే దాని ముందు, వెనక అవుట్‌పుట్‌లు రెండూ కుడి పక్కకే ఉంటాయి, అందుకే వెనక గుండు కూడా మధ్యలో కాక కుడివైపు ఉంటుంది. గుండు మధ్యలో ఉన్న తర్వాతి తరం యాక్సిల్‌ను దాని కింద పెడితే పొట్టిగా ఉండే వెనక షాఫ్టు పక్కకూ కిందికీ రెండు వైపులా వంగి తిరగవలసి వస్తుంది, ఆ అదురు ఏ బ్యాలెన్సింగుతోనూ పోదు. నా దృష్టిలో ఈ ఒక్క కారణమే చాలా మార్పిళ్లను ఆపడానికి చాలు. ఆ తరువాత హబ్ ముఖం నుంచి హబ్ ముఖం వరకు వెడల్పు, కమాన్ కట్టలు కూర్చునే ప్యాడ్ల మధ్య దూరం, చక్రం బోల్టుల వలయం, యోక్ సైజు, షాఫ్టు స్ప్లైన్ల సంఖ్య కొలవండి. పాత జీపుల్లో చక్రాల మధ్య దూరం సుమారు 48 అంగుళాలే, బోల్టులు 5, వలయం 5.5 అంగుళాలు. తర్వాతివి వెడల్పుగా ఉంటాయి, మడ్‌గార్డు దాటి టైరు బయటికొస్తుంది.

ప్యాడ్లు వెల్డింగు చేయవలసి వస్తే ముందు టాకాలు మాత్రమే వేసి, బండి బరువంతా కమాన్ల మీదికి దించి, పినియన్ కోణం చూడండి. పినియన్ షాఫ్టు, ట్రాన్స్‌ఫర్ కేసు అవుట్‌పుట్ షాఫ్టు సమాంతరంగా ఉండాలి, లాగినప్పుడు పినియన్ ముక్కు పైకి లేస్తుంది కనుక ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉంచుతారు. పోత ఇనుపు గుండు మీద వెల్డింగు పెట్టనివ్వకండి. ట్యూబు మీద కూడా చిన్న చిన్న అతుకులుగా, ఎడమా కుడీ మార్చుకుంటూ, మధ్యలో చల్లారనిచ్చి వేయించండి, ఒకే ఊపులో వేస్తే ట్యూబు వంగి కొత్త బేరింగులు నెలల్లో పోతాయి. యూ బోల్టులు కొత్తవే వాడాలి.

డిస్కు బ్రేకుల సంగతి వేరుగా ఆలోచించండి. డ్రమ్ముల కోసం చేసిన మాస్టర్ సిలిండరులో గొట్టాల్లో కొంత ఒత్తిడి నిలిపే వాల్వు ఉంటుంది. అదే సిలిండరుకు డిస్కులు కలిపితే ప్యాడ్లు విడవకుండా రాసుకుంటూ వేడెక్కుతాయి. ముందు డిస్కులకు తగిన మాస్టర్ సిలిండరు, బూస్టరు, వెనక డ్రమ్ములకు ఒత్తిడి తగ్గించే వాల్వు మూడూ కలిపి మార్చగలిగితేనే ఆ పని మొదలుపెట్టండి.

చట్టం కూడా చూడాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు చెప్పినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతిని స్పష్టం చేసింది. మీ బండి పదిహేనేళ్లు దాటినది, రిజిస్ట్రేషన్ పొడిగింపుకు తనిఖీకి వెళ్లవలసినది. వెడల్పు మారే యాక్సిల్ వేయాలనుకుంటే పని మొదలుకాకముందే రవాణా శాఖ కార్యాలయంలోనూ బీమా సంస్థలోనూ అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. హౌసింగు అదే ఉంచి లోపలి భాగాలు బాగుచేసుకుంటే బండి బయటి కొలతలు ఏవీ మారవు.

కూర్చాక జీఎల్-5 తరగతి 90 గ్రేడు గేరు ఆయిల్‌ను రంధ్రం అంచు వరకు పోయండి. కొత్త క్రౌన్-పినియన్ అయితే మొదట 20 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి పూర్తిగా చల్లారనివ్వండి, ఇలా కొన్నిసార్లు చేసేదాకా బరువు వేయకండి, 800 కిలోమీటర్లకు ఆయిల్ మార్చండి. హబ్ నట్లను మొదటి వారంలోనే ఒకసారి టార్క్ రెంచ్‌తో తిరిగి చూడండి. మూత తీసినప్పుడు పళ్ల లెక్క, నాలుగు చోట్ల బ్యాక్‌లాష్, పినియన్ మీది సంఖ్య, పళ్ల అచ్చు ఫోటో ఇక్కడ పెట్టండి. ఏ షిమ్ ఎంత మార్చాలో వాటిని చూసి చెప్పగలను.